ఉత్తరదేశపు రాజుల వెండి



ప్రభువైన యేసు దేవాలయంలో రూకలు మార్చువారి బల్లలు పడద్రోసిన సంగతి మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. అయితే ఆ బల్లల మీద ఉన్న రూకలు ఏవి? వాటి మీద ఎవరి బొమ్మ ఉంది? పండుగకు వచ్చిన యాత్రికుడు తన సొంత డబ్బు ఇచ్చి వేరే డబ్బు ఎందుకు తీసుకోవలసి వచ్చింది? ఈ ప్రశ్నలు కొందరు శ్రోతలు ఉత్తరాల్లో అడిగారు. రేడియోలో సమయం చాలక చెప్పలేకపోయిన సంగతులు కూడా ఇక్కడ చేర్చి వ్రాస్తున్నాను. ఒక్క మాటలో చెప్పగలిగే జవాబు కాదు ఇది. ఆ వెండి నాణెం పుట్టుక తెలియాలంటే మనం మూడు వందల ఏళ్లు వెనక్కి, ఒక రాజవంశం దగ్గరకు వెళ్లాలి. దానియేలు గ్రంథం 11వ అధ్యాయంలో "ఉత్తరదేశపు రాజు" అనే మాట మీరు చదివే ఉంటారు. వ్యాఖ్యాతలు ఆ పేరును ముడిపెట్టే వంశమే ఇది. సెల్యూకస్ వంశం.

మీరు ఈ వంశాన్ని ఎరుగరని అనుకోకండి. అపొస్తలుల కార్యములు తెరచి చూడండి. శిష్యులు మొట్టమొదట క్రైస్తవులనబడిన అంతియొకయ పట్టణాన్ని క్రీ.పూ. 300లో కట్టించినవాడు ఈ వంశపు మొదటి రాజు సెల్యూకస్. తన తండ్రి అంతియొకస్ పేరు దానికి పెట్టాడు. పౌలు, బర్నబా ఓడ ఎక్కిన సెలూకయ రేవుది ఆ రాజు పేరే. ప్రకటన గ్రంథంలోని లవొదికయ, ఈ వంశంలోని రెండవ అంతియొకస్ భార్య లవొదికే పేరిట వెలసిన ఊరు. వారు కట్టిన ఊళ్ల మీదుగా సువార్త నడిచింది. వారు కొట్టించిన నాణేల సంగతే ఈనాటి మన అంశం.

మాసిదోనియా అలెగ్జాండరు క్రీ.పూ. 323లో బబులోనులో మరణించాడు. అతడు పారసీక రాజుల ధనాగారాలను కొల్లగొట్టి, తరతరాలుగా కదలకుండా పడివున్న వెండిని కరిగించి నాణేలుగా కొట్టించాడు. ఆ నాణెం మీద ఒకవైపు సింహచర్మం తలమీద కప్పుకొన్న హెరాక్లెసు, రెండోవైపు సింహాసనం మీద కూర్చున్న జ్యూసు దేవుడు. నాలుగు ద్రక్మాల విలువ గల ఆ పెద్ద వెండి నాణెం బరువు సుమారు 17 గ్రాములు. మన ఇళ్లలో చెప్పుకొనే లెక్కలో తులమున్నరకు కాస్త తక్కువ. అలెగ్జాండరు పోయాక అతని సేనానులు రాజ్యాన్ని పంచుకొని ఒకరితో ఒకరు కొట్టుకొన్నారు. వారిలో సెల్యూకస్‌కు బబులోను వచ్చింది, చేజారింది, మళ్లీ క్రీ.పూ. 312లో చేజిక్కింది. ఆ సంవత్సరం గుర్తుంచుకోండి. దాని పని తరువాత ఉంది.

సెల్యూకస్ మొదట అలెగ్జాండరు నాణేలనే కొట్టించాడు. కొత్త రాజు ముఖాన్ని సంతలో ఎవరు నమ్ముతారు? పాత బొమ్మ ఉంటేనే వర్తకుడు చేయి చాపుతాడు. మెల్లమెల్లగా తన గుర్తు దానిలో చేర్చాడు. లంగరు. అతడు పుట్టినప్పుడే తొడ మీద లంగరు మచ్చ ఉందని ఆ వంశం వారు కథ చెప్పుకొన్నారు. ఆ కథ మాట ఎలా ఉన్నా నాణేల మీద లంగరు మాత్రం నిజం.

ఇక్కడ మన దేశం కూడా ఆ నాణేల మీదికి వచ్చింది. సెల్యూకస్ సింధు నది వైపు వచ్చి చంద్రగుప్త మౌర్యునితో సంధి చేసుకొన్నాడు. తూర్పు ప్రాంతాలు విడిచిపెట్టి, బదులుగా 500 ఏనుగులు తీసుకొన్నాడు. మన స్కూలు చరిత్ర పుస్తకాల్లో ఇంతవరకే ఉంటుంది. ఆ తరువాతి కథ చూడండి. క్రీ.పూ. 301లో ఇప్సస్ అనే చోట జరిగిన యుద్ధంలో ఆ ఏనుగులే శత్రువు గుర్రపుదళం తిరిగి రాకుండా అడ్డంగా నిలబడ్డాయి. ప్లూటార్కు లెక్క ప్రకారం సెల్యూకస్ పక్షాన 400 ఏనుగులు, అవతల 75. ఆ విజయంతోనే అతనికి సిరియా దక్కింది. కాబట్టి అతని వెండి నాణేల మీద ఏనుగులు లాగే రథంలో అథీనా దేవత నిలబడి కనిపిస్తుంది. విచిత్రం ఏమంటే ఆ ఏనుగులకు కొమ్ములు కూడా చెక్కారు! ఏనుగుకు కొమ్ములు లేవని చెక్కినవాడికి తెలియక కాదు. ఆ రోజుల్లో కొమ్ము దైవబలానికి గుర్తు. దానియేలు గ్రంథంలో రాజులను కొమ్ములుగా చూపడం మీకు గుర్తుకు రావచ్చు.

అతని కుమారుడు మొదటి అంతియొకస్ కాలంలో వంశపు నాణెం ఒక రూపానికి వచ్చింది. ఒకవైపు రాజు ముఖం, తలచుట్టూ రాజపట్టీ. రెండోవైపు అపొల్లో దేవుడు నాభిశిల మీద కూర్చుని బాణం సరిగా ఉందో లేదో చూసుకొంటూ ఉంటాడు. అపొల్లో తమ మూలపురుషుడని ఆ రాజులు చెప్పుకొన్నారు. ఆ నాణెం ఎలా తయారయ్యేదో కూడా చెబుతాను. కింది అచ్చును దిమ్మెలో బిగిస్తారు. దాని మీద వేడిచేసిన వెండి బిళ్ల పెడతారు. పై అచ్చు పట్టుకొని సమ్మెటతో ఒక్క దెబ్బ. ముఖం ఒకవైపు, దేవుడు ఒకవైపు పడతాయి. చేతి పని కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. బొమ్మ ఒక పక్కకు జరిగినవి, అక్షరాలు అంచు దాటిపోయినవి మ్యూజియంలలో కొల్లలు.

ఇప్పుడు యూదయకు వద్దాం. అప్పటివరకు ఐగుప్తు రాజుల చేతిలో ఉన్న ఆ దేశాన్ని మూడవ అంతియొకస్ క్రీ.పూ. 200లో పానియం యుద్ధంలో గెలిచి పట్టుకొన్నాడు. పానియం అంటే మనకు తెలిసిన ఫిలిప్పుదైన కైసరయ ప్రాంతమే. యెరూషలేము వారు అతనికి తలుపులు తీశారు. ఆ రాజు ఏమి చేశాడో యోసేపస్ వ్రాశాడు. బలుల కోసం పశువులు, ద్రాక్షారసం, నూనె, సాంబ్రాణి నిమిత్తం 20,000 వెండి నాణేలు ఇవ్వమని ఉత్తరువిచ్చాడు. పట్టణానికి మూడేళ్లు పన్నులు మాఫీ చేశాడు. దేవాలయపు మరమ్మతుకు తెచ్చే కలప మీద సుంకం వద్దన్నాడు. గమనించండి. ఈ వంశపు వెండి మొదట దేవాలయంలోకి వచ్చింది కానుకగా. ముప్పై ఏళ్లలోనే అదే వంశం ఆ ఆలయాన్ని దోచుకొంది. ఏమి జరిగింది మధ్యలో?

అప్పు జరిగింది.

మూడవ అంతియొకస్ మహా పరాక్రమశాలి. హిందూకుష్ పర్వతాలు దాటి వచ్చి క్రీ.పూ. 206లో సుభగసేనుడనే రాజుతో పాత స్నేహాన్ని కొత్త చేసుకొని, మరిన్ని ఏనుగులు తీసుకొని వెళ్లాడు. అతనికి "మహా" అనే బిరుదు దక్కింది. అయితే పడమట రోమా వారితో పెట్టుకొన్నాడు. మగ్నేసియా యుద్ధంలో చిత్తుగా ఓడిపోయాడు. క్రీ.పూ. 188లో అపామెయ అనే ఊళ్లో సంధి పత్రం వ్రాశారు. ఏనుగులు ఉంచుకోకూడదు. యుద్ధనావలు పది మించకూడదు. ఇరవైమంది జామీనుగా రోమాకు పోవాలి. వారిలో రాజు కొడుకు కూడా ఉన్నాడు. వీటన్నిటికంటె బరువైనది యుద్ధ పరిహారం: 15,000 తలాంతుల వెండి. 500 వెంటనే, 2,500 సంధి ఖాయమైనప్పుడు, మిగిలిన 12,000 ఏడాదికి వెయ్యి చొప్పున పన్నెండేళ్లు.

తలాంతు అంటే మన పాత నిబంధనలో "మణుగు" అని అనువదించిన తూనికే. రోమా వారు లౌక్యులు. ఒక్కొక్క తలాంతు 80 రోమా పౌన్లకు తగ్గకూడదని పత్రంలోనే వ్రాయించారు. అంటే సుమారు 26 కిలోలు. లెక్క కట్టి చూడండి. మొత్తం 390 టన్నుల వెండి. పది టన్నుల లారీలు 39 కావాలి మోయడానికి. నాణేలుగా చూస్తే ఒక తలాంతుకు నాలుగు ద్రక్మాల నాణేలు 1,500. ఏడాది కిస్తీకే పదిహేను లక్షల నాణేలు! అవన్నీ సమ్మెట దెబ్బతో ఒక్కొక్కటిగా కొట్టవలసినవి, లేదా ఎవరి దగ్గరనుంచో లాక్కోవలసినవి.

మహారాజు అనిపించుకొన్నవాడు ఎక్కడికి పోయాడు? గుడికి పోయాడు. ఏలాములోని బేలు దేవుని గుడిలో వెండి బంగారాలున్నాయని విని, కిస్తీ కోసం దానిని కొల్లగొట్టబోయి, క్రీ.పూ. 187లో అక్కడి ప్రజల చేతిలో హతమయ్యాడు. సంధి వ్రాసి ఏడాది తిరిగిందంతే.

అప్పు కొడుకు మీద పడింది. నాల్గవ సెల్యూకస్ అతని పేరు. దానియేలు 11వ అధ్యాయం 20వ వచనంలో పన్ను వసూలు చేయించే రాజు ఇతడేనని ఎందరో వ్యాఖ్యాతలు తలంచారు. ఇతడు హెలియొదోరు అనే మంత్రిని యెరూషలేము దేవాలయపు ఖజానా మీదికి పంపినట్టు మక్కబీయుల రెండవ గ్రంథం చెబుతుంది. ఈ గ్రంథాలు మన ప్రొటెస్టెంటు బైబిలులో లేవు, కాథలిక్కు బైబిలులో ఉన్నాయి. లేఖనంగా మనం వాటిని ఎంచకపోయినా, ఆ కాలపు చరిత్రకు అవి లేకుండా గడవదు. హెలియొదోరు కథ కల్పనేమోనని అనుమానించినవారు పూర్వం ఉన్నారు. అయితే 2007లో ఒక శిలాశాసనం ప్రకటించారు. దానిలో సెల్యూకస్ రాజు ఈ హెలియొదోరుకే వ్రాసిన ఉత్తరం ఉంది. ఆ ప్రాంతంలోని ఆలయాల మీద ఒక అధికారిని నియమించిన సంగతి దానిలో కనబడుతుంది. తేదీ క్రీ.పూ. 178. దానికి చెందిన ముక్కలు మారేషా తవ్వకాల్లోనే దొరికాయి. దేవాలయంలో జరిగిన అద్భుతాన్ని రాయి చెప్పదు గానీ, రాజు కన్ను ఆలయాల మీద పడిన సంగతి మాత్రం స్పష్టంగా చెబుతుంది. చివరకు ఈ హెలియొదోరే క్రీ.పూ. 175లో తన రాజును చంపాడు.

ఆ తరువాత వచ్చినవాడే నాల్గవ అంతియొకస్. రోమాలో జామీనుగా పెరిగిన కొడుకు ఇతడే. ఇతని పేరు వింటే మన సంఘాల్లో అందరికీ ఒకటే గుర్తుకొస్తుంది, ఆలయాన్ని అపవిత్రపరచిన నాశనకరమైన హేయవస్తువు. అది నిజమే. అయినా అతని నాణేలను వరుసగా పెట్టి చూస్తే ఒక మనిషి మారిపోవడం కళ్లకు కడుతుంది. మొదట వచ్చినవాటి మీద "రాజైన అంతియొకస్‌ది" అని మాత్రమే ఉంది. తాత ముత్తాతల నాణేల మీద ఉన్నట్టే. తరువాత మాట పెరిగింది. "దేవుడు, ప్రత్యక్షమైనవాడు" అనే అర్థం వచ్చే "థెయొస్ ఎపిఫానెస్" అని చెక్కించాడు. ఐగుప్తు మీద గెలిచాక "జయము తెచ్చువాడు" అనే బిరుదు కూడా చేరింది. అపొల్లో స్థానంలోకి జ్యూసు వచ్చాడు, చేతిలో జయదేవతతో. చనిపోయిన రాజును దేవుడనడం ఆ రోజుల్లో కొత్త కాదు. ఈ వంశంలో బ్రతికి ఉండగానే ఆ మాట తన వెండి మీద కొట్టించుకొన్నవాడు ఇతడే మొదటివాడు. ప్రజలు చాటున నవ్వుకొన్నారు. ఎపిఫానెస్ అనే మాటను కొంచెం మార్చి "ఎపిమానెస్", అంటే పిచ్చివాడు, అన్నారని పొలిబియస్ వ్రాశాడు.

వెండి కొరత మాత్రం దేవుడినన్నా తీరలేదు. తండ్రి నాటి పరిహారపు బాకీ క్రీ.పూ. 173లో గానీ తీరలేదు. అంతలో యెరూషలేములో ప్రధాన యాజకత్వం వేలం పాట అయింది. యాసోను అనేవాడు 440 తలాంతులు ఇస్తానని, పట్టణంలో గ్రీకు వ్యాయామశాల పెట్టనిస్తే ఇంకో 150 ఇస్తానని ఆ పదవి కొన్నాడు. మూడేళ్లకు మెనెలాయు అనేవాడు అంతకంటె 300 తలాంతులు ఎక్కువ పాడి దానిని తన్నుకుపోయాడు. ఒప్పుకొన్నంత కట్టలేక దేవాలయపు బంగారు పాత్రలు తీసి అమ్మాడు. తప్పని చెప్పిన వృద్ధ యాజకుడు ఓనియాను చంపించాడు. ఒక మాట అనక తప్పదు. రాజు దోచుకోవడానికి ముందే యాజకులు దోచుకొన్నారు. దేవాలయపు తలుపులు బయటినుండి పగలలేదు, లోపలినుండి తెరుచుకొన్నాయి.

క్రీ.పూ. 169లో ఐగుప్తునుండి తిరిగి వస్తూ అంతియొకస్ దేవాలయంలోకి అడుగుపెట్టాడు. మెనెలాయే దారి చూపాడు. బంగారు ధూపవేదిక, దీపవృక్షం, సముఖపు రొట్టెల బల్ల, పానార్పణ పాత్రలు, గోడల బంగారు రేకులు కూడా ఒలిచి పట్టుకుపోయాడు. విలువ 1,800 తలాంతులని రెండవ గ్రంథం లెక్క. ఆ మరుసటి ఏడాది మళ్లీ ఐగుప్తు మీదికి వెళ్తే, రోమా రాయబారి పొపిలియు అతని చుట్టూ ఇసుకలో కర్రతో గీత గీసి, ఈ గీత దాటక ముందే జవాబు చెప్పమన్నాడు. నాణెం మీద దేవుడు, గీతలో నిలబడి రోమాకు తల వంచాడు. క్రీ.పూ. 167లో యూదుల ధర్మశాస్త్రాన్నే నిషేధించాడు. క్రీ.పూ. 164లో మక్కబీయుడైన యూదా ఆలయాన్ని తిరిగి ప్రతిష్ఠించాడు. అదే యోహాను 10వ అధ్యాయంలో కనిపించే ప్రతిష్ఠిత పండుగ.

ఇదంతా అప్పు వల్లనే జరిగిందని నేను అనను. అప్పులున్న రాజులు ఎందరో ఉన్నారు, సున్నతి చేయించిన తల్లులను చంపించినవారు లేరు. దోపిడీని అప్పుతో వివరించవచ్చు. హింసను అలా వివరించలేము. అయితే మొదటిది లేకుండా రెండవది వచ్చేది కాదేమో ఆలోచించండి. అతని మరణం కూడా తండ్రి మరణం వంటిదే. ఏలాములో ఒక దేవత గుడి ధనం కోసం వెళ్లి, అక్కడివారు తరిమికొట్టగా, క్రీ.పూ. 164లో పారసీక దేశంలో రోగంతో చనిపోయాడు. తండ్రీకొడుకులిద్దరూ ఒకే దేశంలో, ఒకే పని మీద!

తరువాతి ఎనభై ఏళ్లు ఈ వంశం తనను తానే తినుకొంది. అన్నదమ్ములు, దాయాదులు, దొంగ వారసులు. పేర్లన్నీ చెబితే మీకు విసుగు, నాకు తికమక. నాణేలు చెప్పే రెండు మూడు సంగతులు మాత్రం చెబుతాను. తిమార్కు అనే తిరుగుబాటుదారుని ఓడించిన మొదటి దేమేత్రియస్, అతని నాణేలు కరిగించే ఓపిక కూడా లేక వాటి మీదే తన అచ్చు కొట్టించాడు. కింద పాత బొమ్మ జాడలు ఇప్పటికీ కనబడతాయి. రెండవ దేమేత్రియస్ మొదటి పాలనలో కొట్టించిన నాణేల మీద గడ్డం లేని కుర్రవాడు. పార్థీయులు అతనిని పట్టుకొని పదేళ్లు చెరలో ఉంచారు. తిరిగి వచ్చాక అంతియొకయలో కొట్టించిన నాణేల మీద పొడవాటి గడ్డం! అతని భార్య క్లియోపాత్ర థేయా ఈ వంశంలో ముగ్గురు రాజులను పెండ్లాడి, చివరకు తన పేరుతోనే వెండి నాణెం కొట్టించింది. ఈ వంశపు రాణుల్లో అలా చేసినది ఆమెయే మొదటిది. కొడుక్కి విషం పోసి ఇవ్వబోతే అతడు దానిని ఆమెతోనే త్రాగించాడు.

ఈ తగవుల మధ్య యూదులు మెల్లగా తల ఎత్తారు. అయితే వెండి వారినీ విడువలేదు. త్రుఫోను అనే సేనాని యోనాతానును మోసంతో పట్టుకొని, వంద తలాంతుల వెండి, ఇద్దరు కొడుకులను ఇస్తే విడుస్తానన్నాడు. అన్న సీమోను రెండూ పంపించాడు. త్రుఫోను వెండి తీసుకొని యోనాతానును చంపాడు. తరువాత ఏడవ అంతియొకస్ సీమోనుకు సొంత నాణెం కొట్టుకొనే హక్కు ఇస్తున్నట్టు ఉత్తరం వ్రాశాడు, బలం చిక్కగానే మాట తప్పాడు. పందొమ్మిదవ శతాబ్దపు పండితులు కొందరు "ఇశ్రాయేలు షెకెలు" అని వ్రాసి ఉన్న అందమైన వెండి నాణేలను సీమోనువని తలంచారు. పాత బైబిలు నిఘంటువుల్లో ఆ బొమ్మలు మీరు చూసి ఉండవచ్చు. అవి సీమోనువి కావు, అతని తరువాత రెండు వందల ఏళ్లకు, క్రీ.శ. 66లో రోమా మీద తిరుగుబాటు చేసిన యూదులవని ఇప్పుడు నిశ్చయంగా తెలుసు. సీమోను వంశపు రాజులు కొట్టించినవన్నీ కంచు నాణేలే. వాటిలో చాలావాటి మీద ఉన్న గుర్తు ఏమిటో తెలుసా? లంగరు. సెల్యూకస్ తొడ మీద పుట్టుమచ్చ! బీద విధవరాలు కానుకపెట్టెలో వేసిన కాసులు అటువంటివేనని చెబుతారు.

మరి యూదులకు వెండి ఎక్కడిది? ఇప్పుడు తూరు పట్టణానికి వచ్చాం.

సెల్యూకస్ వంశపు రాజులు తూరు, సీదోను వంటి తీరపట్టణాల్లో క్రీ.పూ. 150 నుండి వేరొక వెండి నాణెం కొట్టించారు. బరువు 17 గ్రాములు కాదు, 14. అది అక్కడివారికి ఐగుప్తు రాజుల కాలంనుండి అలవాటైన తూకం. ఒకవైపు రాజు ముఖం, రెండోవైపు ఐగుప్తు నాణేల మీది గ్రద్ద. క్రీ.పూ. 125లో రెండవ దేమేత్రియస్ యుద్ధంలో ఓడి, ప్తొలెమాయికి పారిపోతే భార్య తలుపులు మూయించింది. తూరుకు పోతే అక్కడ చంపేశారు. ఆ కాలంలోనే తూరు స్వతంత్ర పట్టణమైంది. నాణెం ఆగలేదు. గ్రద్ద అలాగే ఉంది, తూకం అలాగే ఉంది. రాజు ముఖం మాత్రం పోయి, ఆ స్థానంలో తూరు వారి దేవుడు మెల్కార్తు తల వచ్చింది. "పరిశుద్ధమైనది, ఎవరూ ముట్టరానిది అయిన తూరు" అని గ్రీకులో వ్రాశారు. ఇదే తూరు షెకెలు.

ఇక్కడ మీకొక చిన్న మాట. పాత నిబంధన షెకెలును మన అనువాదకులు "తులము" అన్నారు. పూర్వపు యూదా షెకెలు పదకొండు గ్రాముల పైచిలుకు, మన తులం 11.66 గ్రాములు. ఎంత చక్కగా కుదిరిందో చూడండి. అయితే తూరు షెకెలు అంతకంటె బరువు. మత్తయి 17లో అరషెకెలు పన్ను ఇద్దరికి కట్టడానికి పేతురుకు చేప నోట దొరికినది నాలుగు ద్రక్మాల నాణెమే.

తూరు వెండిలో నూటికి తొంభై పాళ్లకు పైగా స్వచ్ఛమైన వెండి ఉండేది. అందుచేత యూదా పెద్దలు ధర్మశాస్త్రంలో చెప్పిన వెండి అంటే తూరు వెండియే అని తీర్మానించారు. ఏటేటా అదారు నెల 15న ఊళ్లలో, 25న దేవాలయంలో మార్పిడి బల్లలు పెట్టేవారని మిష్నా చెబుతుంది. మార్చినందుకు కొంత రుసుము. దేనారము మీద కైసరు బొమ్మ ఉంది గనుక అది దేవాలయంలో చెల్లదు, అందుకే మార్చేవారు అని మనం ప్రసంగాల్లో చెప్పడం అలవాటు. నేను దానితో ఏకీభవించను. మార్చి ఇచ్చిన నాణెం మీద ఉన్నది అన్య దేవుడి తల! బొమ్మ చూసి కాదు, తూకం, స్వచ్ఛత చూసి తూరు వెండిని ఎన్నుకొన్నారు. దేవునికి ఇచ్చేది కల్తీ వెండి కాకూడదని వారి పట్టుదల. దానిని మనం తేలిగ్గా ఎగతాళి చేయకూడదు. కానీ ఆ పట్టుదల పక్కనే రుసుము వ్యాపారం ఎలా పెరిగిందో సువార్తలు చెబుతున్నాయి.

ప్రధాన యాజకులు యూదాకు తూచి ఇచ్చిన ముప్పది వెండి నాణేలు ఇవే అని పలువురి అభిప్రాయం. సువార్తలో తూరు పేరు లేదు. దేవాలయపు ఖజానాలో ఉన్నది ఎక్కువగా ఈ వెండియే గనుక అలా ఊహించారు. ఒక షెకెలు నాలుగు దేనారములనుకొంటే, ముప్పదికి 120 దేనారములు. ద్రాక్షతోట యజమాని ఇచ్చిన కూలి ప్రకారం నాలుగు నెలల కష్టం.

సెల్యూకస్ వంశం అప్పటికి లేదు. క్రీ.పూ. 64లో రోమా సేనాని పాంపే సిరియాను రోమా రాజ్యంలో కలిపేశాడు. అయినా అంతియొకయ టంకశాలలో రోమా అధికారులు కొన్నేళ్లకు మళ్లీ కొట్టించిన వెండి నాణెం మీద ఎవరి ముఖం ఉందనుకొన్నారు? ఎప్పుడో పోయిన ఫిలిప్పు అనే సెల్యూకస్ వంశపు రాజుది. సంతలో ఆ ముఖం చెల్లుతుంది గనుక చనిపోయిన రాజును నాలుగు దశాబ్దాలు నడిపించారు.

క్రీ.పూ. 312 గుర్తుంచుకోమన్నాను. సెల్యూకస్ బబులోనుకు తిరిగి వచ్చిన ఆ ఏటినుండి అతని కొడుకు లెక్క కొనసాగించాడు. అంతకుముందు రాజు మారితే మళ్లీ ఒకటి. ఇప్పుడు రాజు మారినా లెక్క ఆగలేదు. తరువాతి రాజులు నాణేల మీద ఆ ఏడు అక్షరాల అంకెలతో వేశారు. నాల్గవ అంతియొకస్ 137వ ఏట రాజయ్యాడని మక్కబీయుల మొదటి గ్రంథం చెప్పేది ఈ లెక్కలోనే. యూదులు పత్రాలకు శతాబ్దాల పాటు దీనినే వాడారు. సిరియా క్రైస్తవులు దీనిని "గ్రీకుల సంవత్సరం" అన్నారు. చైనాలోని సియాన్‌లో క్రీ.శ. 781లో సిరియా సంఘంవారు నిలిపిన శిలమీద 1092 అని ఉంది. మన దేశంలో, కేరళలోని కొడుంగల్లూరులో ఒక డీకను సిరియా భాషలో పౌలు పత్రికల పాఠాలు చేతితో వ్రాసి, చివర గ్రీకుల సంవత్సరం 1612 అని తేదీ వేశాడు. మన లెక్కలో అది క్రీ.శ. 1301. ఆ వ్రాతప్రతి ఇప్పుడు వాటికను గ్రంథాలయంలో ఉంది.